కోర్టు, వీధి, ఊరు: అమెరికా పౌర హక్కుల పోరాటంలో ఏ దారి మేలు?

1954 నుంచి 1965 దాకా అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతి వాళ్లకు బడి, బస్సు, ఓటు అన్నిటి రూపూ మారిపోయింది. మార్చిందెవరని అడిగితే కొందరు లాయర్లంటారు, ఎక్కువమంది మార్టిన్ లూథర్ కింగ్ ఊరేగింపులంటారు. ఊళ్లోనే ఉండి, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని ఓటరుగా నమోదు చేయించిన వాళ్ల మాట తక్కువ వినిపిస్తుంది. నా మొగ్గు వాళ్లవైపే.

కోర్టు దారి తీసిపారేసేది కాదు. నల్లజాతి లాయరు థర్గుడ్ మార్షల్ బృందం ఏళ్ల తరబడి కేసు మీద కేసు వేసి, 1954 మే 17న బ్రౌన్ తీర్పు సాధించింది. పిల్లల్ని రంగును బట్టి వేరే బళ్లలో పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కానీ అమలుకు గడువు పెట్టలేదు. 1963-64లో కూడా దక్షిణాదిలో తెల్ల పిల్లలతో కలిసి చదివే నల్ల పిల్లలు నూటికి ఇద్దరు లేరు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ అయితే అందర్నీ కలిపి కూర్చోబెట్టడం ఇష్టంలేక 1959లో ప్రభుత్వ బళ్లనే మూసేసింది. అయిదేళ్లు తెరవలేదు. ఆ అయిదేళ్ల చదువు ఆ పిల్లలకు ఎవరిచ్చారు?

ఇక వీధి. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీ బస్సు బహిష్కరణను దీనికి పెద్ద ఉదాహరణగా చెబుతారు. బస్సులో తెల్లవాళ్లకు సీటు వదలనన్నందుకు 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్‌ను అరెస్టు చేయగానే, ఆ ఊళ్లో కాలేజీ టీచరు జో ఆన్ రాబిన్సన్ రాత్రికి రాత్రే వేల కరపత్రాలు తీయించింది. మొదట్లో అడిగింది చాలా చిన్నది: డ్రైవర్లు మర్యాదగా మాట్లాడాలి, ఎవరు ముందొస్తే వాళ్లకే సీటు ఇవ్వాలి, నల్లజాతి డ్రైవర్లను పెట్టుకోవాలి. అదీ ఇవ్వకపోయేసరికి జనం 381 రోజులు నడిచారు, ఒకరి కార్లలో ఒకరు సర్దుకుని వెళ్లారు. అయితే 1956 నవంబరు 13న ఏమైందో చూడండి. ఆ కార్ల ఏర్పాటును ఆపేయమని స్థానిక కోర్టు ఉత్తర్వు ఇచ్చింది. సరిగ్గా అదే రోజు సుప్రీంకోర్టు బస్సుల్లో నల్లవాళ్లను వేరుగా కూర్చోబెట్టడం చెల్లదన్న కింది కోర్టు తీర్పును ఖాయం చేసింది. ఆ కేసు వేసిన నలుగురు ఆడవాళ్లలో క్లాడెట్ కాల్విన్ అనే టీనేజ్ అమ్మాయి ఉంది, రోజా పార్క్స్ లేదు. అంటే వీధి విజయంగా మనం చెప్పుకునేదాంట్లో సగం కోర్టుదే.

వీధికి ఇంకో ఇబ్బంది ఉంది. ఎదుటివాడు క్రూరంగా ప్రవర్తిస్తేనే దేశం కదులుతుంది. 1963లో అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో పోలీసుల పైఅధికారి బుల్ కానర్ పిల్లల మీదకు కుక్కల్ని వదిలాడు, నీటి గొట్టాలు ఎక్కుపెట్టాడు. మరుసటి ఏడాది పౌర హక్కుల చట్టం వచ్చింది. అంతకుముందు జార్జియాలోని ఆల్బనీలో పోలీసు చీఫ్ లారీ ప్రిచెట్ తెలివిగా అందర్నీ మెల్లగా అరెస్టు చేసి చుట్టుపక్కల కౌంటీల జైళ్లకు పంపాడు. అక్కడ ఉద్యమానికి దక్కింది చాలా తక్కువ.

ఇక ఊరు. మిసిసిపీ రాష్ట్రంలో ఓటరు నమోదు కార్యకర్త బాబ్ మోజెస్ లాంటి వాళ్లు 1961 నుంచి చేసిన పనికి కెమెరాలు లేవు. ఓటరుగా చేరాలంటే రాష్ట్ర రాజ్యాంగంలో ఒక భాగానికి అర్థం రాయాలి. అది సరిగ్గా ఉందో లేదో తేల్చేది తెల్ల అధికారి. 1962లో నమోదుకు వెళ్లిన ఫానీ లూ హేమర్‌ను 18 ఏళ్లు పనిచేసిన తోట నుంచి వెళ్లగొట్టారు. మరుసటి ఏడాది జైల్లో పెట్టి చావగొట్టారు. అయినా ఆమె ఆగలేదు.

ఈ దారి నిదానమన్నది నిజం. 1964లో మిసిసిపీలో నల్లజాతి వయోజనుల్లో ఓటర్లుగా నమోదైనవాళ్లు నూటికి ఏడుగురికి మించరు. అలబామాలోని సెల్మాలో ఓటు హక్కు కోసం తీసిన ఊరేగింపు మీద పోలీసు దెబ్బలు పడి, 1965 ఆగస్టులో ఓటు హక్కు చట్టం వచ్చాకే 1967కల్లా అది దాదాపు 60 శాతానికి చేరింది. కానీ చట్టం వచ్చిన రోజున జనాన్ని నమోదు కార్యాలయానికి తీసుకెళ్లడానికి భయం పోయిన మనుషులు అప్పటికే ఊళ్లలో తయారై ఉన్నారు. బడి తీర్పుకు లేనిది ఇదే.

1965 అక్టోబరులో దేశాన్ని బట్టి కోటాలు పెట్టే పాత వలస విధానాన్నీ ఎత్తేశారు. అంతకుముందు భారతీయుల కోటా ఏడాదికి 100. ఇవాళ అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల వెనక ఆ పోరాటం పుణ్యం చాలా ఉంది.

2013లో సుప్రీంకోర్టే ఓటు హక్కు చట్టంలో కీలకమైన భాగాన్ని కొట్టేసింది. కోర్టు ఇచ్చిందీ, చట్టం ఇచ్చిందీ అలా వెనక్కి పోవచ్చు. 1964లో డెమొక్రటిక్ పార్టీ మహాసభలో మిసిసిపీ ప్రతినిధులుగా తమనే గుర్తించమన్న హేమర్ బృందానికి రెండే సీట్లు ఇస్తామంటే వాళ్లు వద్దన్నారు. నాలుగేళ్ల తర్వాత చికాగో మహాసభలో ఆమె మిసిసిపీ ప్రతినిధిగా కూర్చుంది.