నాలుగు గీతల హెడ్లు: మస్టాంగ్‌లో నాలుగేళ్లు వాడాక

పాత 5.0 లీటర్ల ఫోర్డ్ మస్టాంగ్ కారుకి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఎస్‌యూవీ హెడ్లు (సిలిండర్ల మీద మూతలా కూర్చునే ఇంజన్ భాగాలు) ఎక్కిద్దామని చూస్తున్నవాళ్లు కంప్రెషన్ ఎంత, వాల్వు సైజెంత అనే లెక్కలన్నీ తర్వాత చూసుకోండి. ముందు స్పార్క్ ప్లగ్గు ఏ వైపుకి తిరిగి ఉందో చూడండి. నాలుగేళ్లలో ఈ హెడ్లు నాకు ఎంత సంతోషం ఇచ్చాయో, ఆ ప్లగ్గు కోణం ఒక్కటే అంత ఏడిపించింది.

బండి 1990 మస్టాంగ్ ఎల్‌ఎక్స్. ఉండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన. రోజూ ఆఫీసుకి వెళ్లడానికి వేరే కారుంది, ఇది వారాంతాలకి. ఈ ఇంజన్‌కి ఊపిరి ఆడనివ్వనిది కంపెనీ హెడ్డేనని అందరికీ తెలిసిందే, కొత్త అల్యూమినియం హెడ్లు కొనే డబ్బు నా దగ్గర లేదు. ఎక్స్‌ప్లోరర్‌లో వచ్చింది కూడా అదే 302 (ఘనపు అంగుళాల్లో 302, అంటే 5.0 లీటర్లు) ఇంజన్ కుటుంబం కాబట్టి బోల్టులు సరిగ్గా కూర్చుంటాయి. మన టూల్స్ మనమే పట్టుకెళ్లి విప్పుకునే స్క్రాప్ యార్డు ఇంటికి ఇరవై నిమిషాల దూరం.

నేను వెళ్లింది మూడు గీతల హెడ్ల కోసం. హెడ్డు చివర మూలన పోతలోనే నిలువు గీతలుంటాయి. మూడుంటే జీటీ40, నాలుగుంటే జీటీ40పీ. 1997 మధ్య నుంచి వచ్చిన ఎక్స్‌ప్లోరర్లలో నాలుగు గీతలవే. నాకు దొరికింది 2000 మోడల్. మట్టి తుడిచి చూస్తే నాలుగు. జత 140 డాలర్లు అన్నారు, ఖాళీ చేతులతో ఇంటికి రాబుద్ధి కాలేదు, మధ్యాహ్నమంతా ఎండలో విప్పుకుని తెచ్చాను. మెషిన్ షాపులో కడిగించి, వాల్వు సీట్లు గ్రైండ్ చేయించి, ఫేసింగ్ కొట్టిస్తే (అడుగు ముఖం సమంగా చెక్కిస్తే) ఇంకో 400 దాకా అయింది. గాస్కెట్లు, బోల్టులు కలిపినా కొత్త హెడ్ల ధరలో సగం కూడా కాలేదు.

బండి స్టార్ట్ చేసి మొదటిసారి హైవే ఎక్కిన రోజు ఇప్పటికీ గుర్తే. 3,000 ఆర్‌పీఎం దాటాక పాత ఇంజన్ నసిగేది, ఇది ఇంకా ఇవ్వు ఇంకా ఇవ్వు అన్నట్టు లాగింది. ఇన్‌టేక్ వాల్వు 1.78 అంగుళాల నుంచి 1.84కి పెరిగింది. ఎగ్జాస్ట్ వాల్వు పాత హెడ్డులో ఉన్నంతే, 1.46. పెరిగిన తేడా చేతిలో పట్టేంత కూడా లేదు, కానీ గాలి దారుల ఆకారం మారింది, ప్లగ్గు చాంబర్ మధ్యకి జరిగింది, మంట బాగా అంటుకుంటుంది. చిక్కంతా ఆ జరగడంలోనే ఉంది. ప్లగ్గు అలా జరిగేసరికి దాని తల నేరుగా హెడర్ (ఇంజన్ పొగని బయటికి తీసుకెళ్లే పైపుల సెట్టు) పైపు వంపు మీదకి వచ్చి కూర్చుంటుంది. హెడ్డు తప్పేం కాదిది, ఎక్స్‌ప్లోరర్ సొంత ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి తగ్గట్టు చేసిన హెడ్డు అది. పాత హెడర్లనే బిగించి, వైర్ల క్యాపులు కాస్త వంచి, సరిపోయిందిలే అనుకున్నది నేను.

సరిపోలేదు. ఆరు నెలలకి ఆస్టిన్ వెళ్లి వస్తుంటే ఐ-35 మీద హిల్స్‌బరో దగ్గర బండి ఒక్కసారిగా మిస్సింగ్ కొట్టడం మొదలైంది. రాత్రి తొమ్మిదిన్నర. ఏ సిలిండరో చెప్పే కంప్యూటర్ కాదు ఆ కాలం బండిలోది. పెట్రోల్ బంకులో ఒక పక్కకి ఆపి నాన్నకి వీడియో కాల్ చేశాను. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు హెడ్ ఫేసింగ్ చేసిన మనిషి. అక్కడ పొద్దున ఎనిమిది, కాఫీ తాగుతున్నారు.

"నాన్నా, మిస్సింగ్ కొడుతోంది. వైర్లన్నీ కొత్తవే, వేసి మూడు నెలలు కూడా కాలేదు."

"కొత్తవా పాతవా అని నేనడిగానా? లైటు లేని చోటికి తీసుకెళ్లి బానెట్ ఎత్తు. ఇంజన్ ఆపకు. నీళ్లు సన్నగా చిలకరించే సీసా ఏమన్నా ఉందా?"

అద్దం తుడిచే సీసా ఉంది. బంకు వెనక చీకట్లోకి తీసుకెళ్లి వైర్ల మీద సన్నగా కొట్టాను. కుడివైపు ముందు నుంచి మూడో ప్లగ్గు దగ్గర నీలంగా ఒక మెరుపు, చిట్ చిట్ మంటూ, క్యాపులోంచి హెడర్ పైపు మీదకి దూకుతోంది. ఫోన్లో నాన్నకి కూడా కనపడింది. "అదిగో, అదేరా, చెయ్యి పెట్టకు" అని అరిచారు. ఇంజన్ చల్లారాక క్యాపు లాగి చూస్తే పైపుకి ఆనిన చోట రబ్బరు కరిగి, గాజులా నున్నగా అయిపోయి, మధ్యలో మినపగింజంత చిల్లు ఉంది. దాన్ని పక్కకి తిప్పి, వైరుని ప్లాస్టిక్ పట్టీతో దూరంగా లాగి కట్టి, నెమ్మదిగా ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి దాటింది.

తర్వాత వేడి ఆపే తొడుగులు వేశాను. ఐదు నెలలు ఆగాయి. ఈసారి ఎడమవైపు ఇంకో క్యాపు కాలింది. అప్పటికి ఓపిక అయిపోయి, పీ హెడ్ల కోసమే వంపు మార్చి చేసిన హెడర్లు 320 డాలర్లు పెట్టి కొన్నాను. ఆ రోజు నుంచి ఇప్పటిదాకా, అంటే రెండున్నరేళ్లకి పైగా, ఒక్క మిస్సింగ్ లేదు. మొదటి రోజే కొనుంటే ఆ రాత్రి టెన్షనే ఉండేది కాదు. స్క్రాప్‌లో మిగిలిందనుకున్న డబ్బులో సగం హెడర్లకే పోతుంది, ఆ లెక్క ముందే వేసుకోండి.

ఇంకో మాట. మొదటి ఏడాది కనపడ్డ వాళ్లందరికీ బండి మారిపోయిందని చెప్పాను, అందులో ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి. హెడ్లతో పాటే ఎక్స్‌ప్లోరర్ ఇన్‌టేక్ కూడా వేశాను, లీకవుతున్న ఎగ్జాస్ట్ గాస్కెట్ మార్చాను, టైమింగ్ సరిచేశాను. ఏది ఎంత ఇచ్చిందో విడదీసి చెప్పలేను. 2,500 ఆర్‌పీఎం లోపు పెద్ద తేడా ఏం లేదు. ఎక్స్‌ప్లోరర్ క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) నెమ్మదైనది, అందుకే ఆ హెడ్లతో వచ్చే వాల్వు స్ప్రింగులూ మెత్తనివే. అవే ఉంచేస్తే 5,200 దగ్గర వాల్వులు సమయానికి మూసుకోక తేలిపోయి గరగర వచ్చింది. రెండో ఏడు స్ప్రింగులు మార్చాను, అదింకో ఖర్చు. హెడ్డు విప్పి బల్ల మీద ఉన్నప్పుడే ఆ పని చేయించుకోవడం మేలు.

ఇక కొనాలా వద్దా అంటే, నాకు ఇంట్లో గరాజ్ ఉంది, బండి ఆగిపోయినా ఆఫీసు ఆగదు. పైగా టెక్సస్‌లో ఇంత పాత బండికి పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో ఉంటే మాత్రం ముందే కనుక్కోండి, పొగ తగ్గించడానికి ఎగ్జాస్ట్‌లోకి గాలి పంపే పాత ఏర్పాటుకి ఈ హెడ్లలో దారి లేదు. ఉన్నది ఒక్కటే కారైతే నేనైతే దీని జోలికి వెళ్లను.

యార్డుల్లో ఇప్పుడు వీ8 ఎక్స్‌ప్లోరర్లు అరుదైపోయాయి. అయినా వెళ్లిన ప్రతిసారీ ఆ మూల మట్టి తుడిచి చూస్తూనే ఉన్నాను. ఈ ప్లగ్గు చిక్కు లేని మూడు గీతల జత దొరికితే ఇంకో వంద డాలర్లు ఎక్కువైనా అదే తీసుకోండి.