పటమట వైపు నర్సరీ, ఇండోర్ మొక్కలు కొనేవాళ్ళ కోసం

ఇండోర్ మొక్కలు కొనాలనుకునే బెజవాడ వాళ్ళు పటమట వైపున్న ఈ నర్సరీ ఒకసారి చూడండి, రేట్లు కొంచెం ఎక్కువే, కడియం దాకా వెళ్ళగలిగితే తక్కువకే వస్తాయి, కానీ ఇక్కడ మొక్కల్ని సర్దిన పద్ధతి నాకు తెగ నచ్చింది. వర్షారణ్యంలో ఏ మొక్క ఏ ఎత్తున బతుకుతుందో ఆ లెక్కనే పెట్టారు.

పీస్ లిల్లీ, కలాథియా లాంటివి రెండు వరసల షేడ్ నెట్ కింద, బాగా నీడలో ఉన్నాయి. అడవిలోనూ వాటి చోటు అదే, పైన కొమ్మలన్నీ కమ్మేస్తే నేల దాకా దిగే వెలుతురు నూటికి ఒకటో రెండో పాళ్ళు, అందుకే మన హాల్లో తట్టుకుంటాయి గానీ మే నెల ఎండకి బాల్కనీలో పెడితే మాడిపోతాయి.

ఆర్కిడ్లు మాత్రం పైన వేలాడదీశారు, కుండీలో మట్టే లేదు, బొగ్గు ముక్కలు, కొబ్బరి డొక్క ముక్కలు అంతే. ఇవి చెట్ల కొమ్మల్ని పట్టుకుని బతికేవి కదా, వేళ్ళ మీదున్న తెల్లటి పొర వాన నీటిని పీల్చేస్తుంది. అక్కడి కుర్రాడు స్ప్రే కొట్టి చూపించాడు, తెల్లటి వేరు చూస్తుండగానే పచ్చబడింది. "తెల్లగుంటే నీళ్ళు పొయ్యండి మేడమ్, పచ్చగుంటే వద్దు" అన్నాడు, ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు.

బ్రొమీలియాడ్స్ కూడా ఉన్నాయి, ఆకుల మధ్య గిన్నెలా నీళ్ళు నిలుస్తాయి. కోస్టారికా, పనామా అడవుల్లో స్ట్రాబెర్రీ విషకప్ప తల్లి తన తోకకప్పని వీపు మీద మోసుకెళ్ళి ఇలాంటి నీళ్ళలో వదిలి, మళ్ళీ మళ్ళీ వచ్చి ఫలదీకరణ కాని గుడ్లు పెట్టి దాని కడుపు నింపుతుంది, తలుచుకుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది! మనింట్లో అయితే దోమలు గుడ్లు పెడతాయి, రెండు మూడు రోజులకోసారి ఆ నీళ్ళు ఒంపేసి కొత్తవి పొయ్యండి.

నచ్చనిది ఒకటుంది. మాన్‌స్టెరాకి పీచు చుట్టిన కర్ర పాతారు, బానే ఉంది, చెట్టెక్కే తీగ కదా, కానీ కింద నింపింది నల్లరేగడి. నీళ్ళు నిలిచి, గాలాడక వేళ్ళు కుళ్ళిపోతాయి. అడిగితే కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కలిపి మార్చి ఇచ్చారు గానీ ఆ పని ముందే చెయ్యాలి.

తెల్లబూరుగ మొక్కలు బయట ఎండలో ఉన్నాయి. అమెజాన్ అడవుల్లో ఈ చెట్టు చుట్టూ ఉన్న చెట్లని దాటి 60 మీటర్ల దాకా పోతుంది, హార్పీ గద్దలు గూడు కట్టే చెట్లలో అదొకటి, పొలం ఉన్నవాళ్ళే తీసుకోండి.

ఎండాకాలం సాయంత్రం పూటే వెళ్ళండి, మధ్యాహ్నం ఆటోలో తెస్తే ఇల్లు చేరేలోపే ఆకులు వాడిపోతాయి.