బాలిలో ఇద్దరే గడపాలనుకుంటే అమెద్‌కు వెళ్లండి

బాలి అనగానే కొత్త జంటలకు అందరూ కుటా, సెమిన్యాక్ పేర్లే చెబుతారు. నన్నడిగితే ఈశాన్య తీరాన ఉన్న అమెద్‌కు వెళ్లమంటాను. విమానాశ్రయం నుంచి కారులో దాదాపు 3 గంటల దారి. అంత దూరం కాబట్టే జనం పలచగా ఉంటారు.

అమెద్ అంటే ఒక్క ఊరు కాదు. జెమెలుక్, లిపా, సెలాంగ్ వంటి జాలరి పల్లెలన్నీ కొండకూ కడలికీ మధ్య ఒకే రోడ్డు వెంట బారులు తీరి ఉంటాయి. మేము జెమెలుక్‌లో దిగాం, మీరూ అక్కడే గది తీసుకోండి. గట్టు దిగి నీళ్లలోకి నడిస్తే కాసేపట్లోనే పగడాలు. మావారు ఈతలో దిట్ట, నాకు అంతంతమాత్రమే. లైఫ్ జాకెట్ వేసుకుని, అద్దె స్నార్కెల్ (నీళ్లలో ఊపిరి పీల్చుకునే గొట్టం) పెట్టుకుని ముఖం ముంచాను. కింద ఒక చిలుక చేప పగడాన్ని కొరుకుతోంది. ఆ పటపట చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినిపించింది! నేను మావారి చెయ్యి గట్టిగా పట్టుకుని చాలాసేపు అక్కడే తేలుతూ ఉండిపోయాను.

తెల్లని ఇసుక కావాలంటే మాత్రం ఇక్కడికి రాకండి. ఇక్కడిది అగ్నిపర్వతపు నల్ల ఇసుక, పైగా గులకరాళ్లు. మధ్యాహ్నం ఉత్త కాళ్లతో అడుగు పెట్టలేం. మా బసలో స్నానాల నీళ్లు కూడా కాస్త ఉప్పగానే వచ్చేవి.

నాకు అన్నిటికంటే నచ్చింది ఉప్పు తయారీ. సముద్రపు నీటిని మట్టి మడిలో చల్లి ఎండనిస్తారు. ఆ మట్టిని గరాటులాంటి పెద్ద బుట్టకెత్తి, మళ్లీ సముద్రపు నీరు పోసి వడకడతారు. దిగిన చిక్కటి నీటిని, నిలువునా చీల్చి తొలిచిన కొబ్బరి మొద్దుల్లో ఆరబెడతారు. ఒక పెద్దాయన మొద్దు అంచున కట్టిన పలుకులు గీకి నా అరచేతిలో పెట్టారు. నాలుక మీద ఇట్టే కరిగిపోయాయి, చేదు అన్నదే లేదు. ఈ ఉప్పుకు ఇండోనేషియాలో భౌగోళిక గుర్తింపు ఉంది. తప్పకుండా కొనుక్కోండి.

భోజనానికి వారుంగ్‌లు, అంటే చిన్న పూటకూళ్ల హోటళ్లే మేలు. ఉల్లి, నిమ్మగడ్డి, పచ్చిమిర్చి తరిగి కొబ్బరినూనె కలిపే సంబల్ మతాహ్ అనే పచ్చడి ఉంటే అన్నం ఎంత తిన్నామో తెలియదు. అందులో తరచూ తెరాసి, అంటే రొయ్యల ముద్ద, వేస్తారు. శాకాహారులు వద్దని ముందే చెప్పాలి. టెంపే, అంటే పులియబెట్టిన సోయా గింజల దిమ్మ, మాత్రం నిశ్చింతగా తినవచ్చు.

దగ్గర్లోని తులాంబెన్‌లో లిబర్టీ అనే అమెరికా సరుకు ఓడ ఉంది. 1942లో జపాన్ జలాంతర్గామి దాడిలో దెబ్బతిని ఒడ్డుకు చేరింది. 1963లో అగుంగ్ పర్వతం బద్దలైనప్పుడు నీళ్లలోకి జారింది. దాన్ని చూసేందుకు నీళ్లలో మునిగేవారి గాలి సిలిండర్లను అక్కడి ఆడవాళ్లు తల మీద చుట్టకుదురు పెట్టుకుని మోస్తారు. మీ సామాను మోసిన వారికి విడిగా డబ్బు ఇవ్వండి.

భారతీయులకు బాలిలో దిగాక వీసా ఇస్తారు. దానికి 5 లక్షల రూపయాలు, 2024 నుంచి మొదలైన పర్యాటక రుసుము మరో లక్షన్నర రూపయాలు. ఇవి వాళ్ల రూపయాలు, కంగారు పడకండి. ఏప్రిల్, అక్టోబరు మధ్య వెళ్లండి. వానాకాలంలో వరద కలిసి నీరు మసకబారితే పగడాలు సరిగా కనబడవు.