ఈపీకే, ఓఆర్, కేఎంపీఎల్: డిపోలో ఏళ్ల తరబడి వాడి చూశాక

ప్రకాశం జిల్లా పడమటి వైపు ఆర్టీసీ డిపోల్లో మొదట కండక్టరుగా, తర్వాత కంట్రోలరుగా చేసి నిరుడు రిటైరయ్యాను. పొద్దున లేస్తే మూడు అంకెలతోనే పని. ఈపీకే అంటే బస్సు కిలోమీటరు తిరిగితే వచ్చే రాబడి. ఓఆర్ అంటే సీట్లన్నీ నిండితే రావాల్సిన దాంట్లో ఎంత వచ్చిందన్నది. కేఎంపీఎల్ అంటే లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లని. ప్రభుత్వ సంస్థల పనితీరు మెరుగుపరచాలని మాట్లాడేవాళ్లంతా మూడింటినీ ఒకే గాటన కడతారు. వాడినవాడిగా నేనలా కట్టలేను.

ముందు కేఎంపీఎల్ సంగతి. నా లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చింది ఇదే. డ్యూటీ దిగిన డ్రైవరు బండిని బంకు దగ్గర పెట్టి, ఎన్ని లీటర్లు పట్టిందో తనే చూసుకుంటాడు. ఆ తర్వాత పేరు పక్కన అంకె బోర్డెక్కుతుంది. గేరు ఎక్కడ మార్చాలి, స్టేజీ కనపడగానే ఆక్సిలరేటరు మీంచి కాలు ఎంత ముందు తీయాలి, బస్టాండులో ఆగినప్పుడు ఇంజను ఆపాలా వద్దా, ఇవన్నీ అతని చేతిలో ఉన్నవే. టైరులో గాలి తగ్గినా, బ్రేకు పట్టేస్తున్నా గ్యారేజీ వాళ్ల వెంటపడి చేయించుకుంటాడు, తన అంకె పడిపోతుందని. ఐదు దాటిందా లేదా అన్నది టీకొట్టు దగ్గర కూడా చర్చే.

దీనికీ ఒక తిరకాసుంది. ఒంగోలు, పొదిలి మధ్య తిరిగే బండినీ, దోర్నాల దాటి శ్రీశైలం ఘాటెక్కే బండినీ ఒకే జాబితాలో రాస్తే ఘాటు డ్రైవరు ఎప్పుడూ అడుగునే ఉంటాడు, ఎంత నేర్పరైనా సరే. నేను చూసిన ఒక డీఎం (డిపో మేనేజరు) గారు ఆ జాబితా పక్కన పడేసి రూటువారీగా, బండి వయసువారీగా వేరే రాయించారు. ఘాటుకు ఘాటుతోనే పోటీ. దాంతో గొణుగుడు తగ్గింది. "సార్, రోజూ నా బండి నాకే ఇప్పించండి" అని అడిగేవాళ్లు పెరిగారు. రోజూ తోలే బండి అయితే దాని రోగం తోలేవాడికే ముందు తెలుస్తుంది మరి. దీనికి కన్సల్టెంటు అవసరం పడలేదు, ఒక తెల్లకాగితం, ఒక స్కేలు సరిపోయాయి.

ఈపీకే దగ్గరికొస్తే నాకు అంత మంచి మాట రాదు. సాయంత్రం కాలేజీ వదిలాక కనిగిరి వైపు పోయే పల్లెవెలుగు ఎక్కి చూడండి. ఫుట్‌బోర్డు దాకా జనం. వెనక నుంచి ముందుకు రావడానికి కండక్టరుకు రెండు స్టేజీలు పడుతుంది. తీరా ట్రిప్పు అయ్యాక మిషన్లో కలెక్షన్ చూస్తే డీజిలుకు కూడా చాలదు, ఎక్కినవాళ్లంతా పాసులోళ్లే. వాళ్ల పాసు డబ్బు ఎప్పుడో కౌంటర్లో కట్టింది, రాయితీ డబ్బు ప్రభుత్వం నుంచి సంస్థకు రావాల్సింది. ఆ కండక్టరు తెచ్చిన లెక్కలో మాత్రం బస్సు ఖాళీగా పోయొచ్చినట్టే.

నైట్‌హాల్ట్ బస్సు ఇంకో కథ. రాత్రి పల్లెకు పోయేటప్పుడు నలుగురైదుగురు ఉంటే గొప్ప. తెల్లారి అదే బస్సులో కూరగాయల గంపలు, ఆస్పత్రికి పోయే ముసలోళ్లు, చీమకుర్తి క్వారీలకు పోయే కూలీలు. ఈపీకే ఒక్కటే చూసేవాడు ముందు గీత గీసేది ఆ రాత్రి ట్రిప్పు మీదే. రాత్రి బస్సు పోకపోతే పొద్దున వచ్చేదెక్కడిది? గంపలు ఆటో ఎక్కుతాయి. ఒకసారి ఆటోకు అలవాటైన ఊరు మళ్లీ బస్సు కోసం ఎదురు చూడదు.

ఇందులో డిపోను అనడానికేం లేదు. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టంలోనే రెండు మాటలున్నాయి. 18వ సెక్షను జనానికి చాలినన్ని బస్సులు సమర్థంగా, పొదుపుగా నడపమంటుంది. 22వ సెక్షను వ్యాపార సూత్రాల మీద నడవమంటుంది. రెండూ ఒకే బస్సులో ఎక్కించాలంటే కొలత కూడా రెండు రకాలుగా ఉండాలి కదా. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీ సిబ్బంది ప్రజా రవాణా శాఖ కింద ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. జీతం బెంగ తీరింది, సంతోషం. కాకపోతే "కలెక్షన్ రాకపోతే జీతాలెట్టా?" అనే మాటకు పాత బరువు లేదు. అంకె చెప్పగానే మనిషి కదలాలంటే ఇప్పుడు అది న్యాయమైన అంకె అయితేనే కదులుతాడు.

ఓఆర్ ఇన్నాళ్లూ పర్లేదనిపించేది. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చాక ఓఆర్ పెరిగిందని గొప్పగా చెప్పుకోవడం నాకు నచ్చలేదు. డిపోలో ఎవరూ చేయిపెట్టకుండా పెరిగింది పనితీరు ఎట్లవుతుంది? అయితే మా ఆవిడ మార్కాపురం పోయొచ్చి చేతిలో పెట్టిన జీరో టికెట్ చూసి ముచ్చటేసింది. అసలు ఛార్జీ, ప్రభుత్వం భరించేది, ఆమె కట్టాల్సింది సున్నా, అన్నీ విడివిడిగా ఉన్నాయి. పాసులకూ నైట్‌హాల్టుకూ ఇదే పని చేయొచ్చు. సర్కారు చెప్పి నడిపిస్తున్న ట్రిప్పు ఇది, దీని బాకీ ఇంత అని వేరే గడిలో రాస్తే, మిగిలిన ఈపీకే అచ్చంగా డిపోది అవుతుంది. అప్పుడు డీఎంను నిలదీసినా అర్థముంటుంది.

కేంద్ర ప్రభుత్వ సంస్థలకు ఎంఓయూ అని ఒక ఒప్పందం ఉంది. అర్జున్ సేన్‌గుప్తా కమిటీ చెప్పాక 1980ల్లో మొదలైంది. ఏటా సంస్థ, మంత్రిత్వ శాఖ కూర్చుని లక్ష్యాలు రాసుకుని సంతకాలు పెట్టుకుంటాయి, చివర్లో ఎక్స్‌లెంట్ నుంచి పూర్ దాకా గ్రేడు. డిపోకూ అట్లాంటి కాగితం ఒకటి ఉండాలంటాను. పైనుంచి కొత్త బండ్లెన్ని వస్తాయి, స్పేరు పార్టులు ఎప్పటికి అందుతాయి అన్నది కూడా అందులో రాసి పైవాళ్లూ సంతకం పెట్టాలి.

ఇక డిపోకు కొత్తగా వచ్చే డీఎంలకు: కేఎంపీఎల్ రోజూ చూడండి, కానీ రూటువారీగా. ఓఆర్ నెలకోసారి చాలు. ఈపీకే పడిపోయిన ట్రిప్పు రద్దు చేయాలనిపిస్తే, ఆ కండక్టరును కూర్చోబెట్టి, మన బస్సు కన్నా ముందు ఏ ఆటో ఎన్నింటికి కదులుతోందో అడగండి. టైము ఒక్క పది నిమిషాలు ముందుకు జరిపితే కలెక్షన్ నిలబడిన ట్రిప్పులు నేను చూశాను.