రెండు క్యాండిల్స్ స్టీల్ ఫిల్టర్: 14 నెలలు వాడాక

పాలకొల్లులో స్టీలు సామాన్ల కొట్లో కొన్న 16 లీటర్ల ఫిల్టర్ ఇది. పైన ఒక డబ్బా, కింద ఒక డబ్బా, పైడబ్బాలో రెండు తెల్లటి పింగాణీ క్యాండిల్స్. కరెంటు అక్కర్లేదు, నీళ్లు వృథా పోవు. మా చిన్నప్పుడు చాలా ఇళ్లలో వంటగది గట్టు మీద ఇదే ఉండేది. ఈ రోజుల్లో కూడా ఇదేంటని చుట్టాలు అడుగుతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. 22 ఏళ్లుగా మోషన్ టెస్టులు చూస్తున్నాను. కిందటేడు జూన్‌లో మా ఆరేళ్ల బాబుకి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. కడుపు మెలిపెట్టి ఏడ్చేవాడు, వెళ్తే కాస్త బంక, రక్తపు చారలు. శాంపిల్ పట్టుకుని స్కూటీ మీద పది నిమిషాల్లో ల్యాబ్‌కి వెళ్లి స్లైడ్ నేనే వేశాను. ఇలాంటి విరేచనాలు తెచ్చే అమీబా అనే క్రిమి కోసం చూశాను. అరగంట దాటితే కదిలే అమీబా చచ్చిపోయి గుర్తుపట్టడం కష్టమవుతుంది. పొద్దున తీసిన శాంపిల్‌ని మధ్యాహ్నం తెచ్చేవాళ్లకి రోజూ ఇదే చెబుతుంటాను. ఆ రోజు స్పష్టంగా కనపడింది. మెల్లగా పాకుతూ, లోపల మింగిన ఎర్ర రక్తకణాలతో. అవి మా వాడి రక్తకణాలు. కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను.

డాక్టర్ గారు మెట్రోనిడజోల్ రాశారు, అది అయ్యాక పేగులో మిగిలే సిస్టుల (పెంకు కట్టుకున్న అమీబాల) కోసం డైలాక్సనైడ్ 10 రోజులు వాడమన్నారు. నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. మందు పేరెత్తితేనే వాడు వాంతి చేసుకుంటున్నాడని రెండోది మేమే ఆపేశాం. తప్పు మాదే. ఆరు వారాలకి మళ్లీ రక్తం కనపడింది. ఈసారి రెండు మందులూ పూర్తిగా వాడాం, ఆ వారమే ఈ ఫిల్టర్ కొన్నాం.

క్యాండిల్ ఫిల్టరే ఎందుకంటే, ఈ అమీబా ఒకరి నుంచి ఒకరికి వెళ్లేది సిస్టు రూపంలో. అంటే గట్టి పెంకు కట్టుకున్న గుడ్డు లాంటిది. కుళాయి నీళ్లలో కలిపే మోతాదు క్లోరిన్‌కి అది చావదు. బ్లీచింగ్ వాసన వస్తోంది కాబట్టి నీళ్లు మంచివేనని అనుకోవడానికి లేదు. కానీ సిస్టు 10 మైక్రాన్లకి తగ్గదు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). మంచి క్యాండిల్ రంధ్రాలు ఒక మైక్రాన్ లోపే ఉంటాయి కాబట్టి దూరలేదు. వైరస్‌ల లాంటి చిన్నవాటిని మాత్రం ఇది ఆపలేదు. అందుకే వానాకాలంలో వడకట్టిన నీళ్లని మళ్లీ తెర్లబెడతాను. మరిగితే సిస్టు కూడా చస్తుంది.

మా వీధిలో కుళాయి గొట్టం మురిక్కాలువ లోంచే వెళుతుంది. నీళ్లు సన్నగా వస్తున్నాయని ఒక్కో ఇంటివాళ్లు గొట్టానికి మోటారు బిగించి లాగుతారు. అలా లాగినప్పుడు అతుకుల దగ్గర ఉన్న మురుగు లోపలికి వస్తుంది. 1933లో చికాగోలో పెద్ద ఎగ్జిబిషన్ జరుగుతుంటే రెండు హోటళ్లలో మురుగు గొట్టాలు తాగునీటితో కలిసి దాదాపు 1,400 మందికి ఈ జబ్బు వచ్చింది, 98 మంది చనిపోయారు. అంత పెద్ద నగరంలో, అంత పెద్ద హోటళ్లలో జరిగింది. మన వీధిలో జరగదని ఎలా అనుకుంటాం? దయచేసి ఆ మోటార్లు తీసేయండి.

ఇక పనితీరు. రాత్రి పడుకునే ముందు పైడబ్బా నింపితే తెల్లారేసరికి కిందకి దిగుతుంది. నలుగురున్న ఇంటికి సరిపోతుంది, చుట్టాలొస్తే చాలదు. వేసవిలో కాలువ కట్టేశాక చెరువు నీళ్లు పచ్చబడితే క్యాండిల్స్ వారానికే మూసుకుపోతాయి. మెత్తటి బ్రష్‌తో ఉత్త నీళ్లలో రుద్దాలి, సబ్బు తగలనివ్వకూడదు. రెండో నెలలో ఒక రోజు గంటలోనే డబ్బా మొత్తం దిగిపోయింది. ముందు బాగా పనిచేస్తోందని సంతోషించాను, తర్వాత గుండె జారింది. విప్పి చూస్తే కింద రబ్బరు వాషర్ పక్కకి జరిగి, నీళ్లు క్యాండిల్‌లోకి వెళ్లకుండా సందులోంచి కారిపోతున్నాయి. వేగం ఉన్నట్టుండి పెరిగితే ఆ నీళ్లు పారబోయండి. వాషర్లు నాసిరకం, అదొక్కటే నా పెద్ద ఫిర్యాదు. బయట మంచివి కొని వేసుకున్నాను.

అయితే ఫిల్టర్ కొన్న నెలకి నాకో అనుమానం వచ్చింది. బాబు స్కూలుకీ ఇంటి నీళ్లే పట్టుకెళ్తాడు, బయట ఏదీ తినడు. ఇంట్లో అందరికీ టెస్ట్ చేశాను. మా అత్తయ్యగారి శాంపిల్‌లో అయోడిన్ వేసి చూస్తే నాలుగు కేంద్రకాలున్న అమీబా సిస్టులు కనపడ్డాయి. ఆవిడకి ఏ బాధా లేదు. డెబ్బై ఏళ్లొచ్చినా ఒక్క రోజు మంచం పట్టని మనిషి. రోజూ పెరుగన్నం మెత్తగా పిసికి మనవడికి ముద్దలు పెట్టేది ఆవిడే.

ల్యాబ్‌లో రోజూ వింటాను, "ఈ నీళ్లు పుట్టినప్పటి నుంచి తాగుతున్నాం, మాకు అలవాటేనమ్మా" అని. ఈ అమీబా సోకినవాళ్లలో పది మందిలో తొమ్మిది మందికి ఏ లక్షణమూ ఉండదు. జబ్బు పడలేదంటే క్రిమి లేదని కాదు, వాళ్ల నుంచి నెలల తరబడి సిస్టులు బయటికి వస్తూనే ఉండొచ్చు. ఒకసారి వచ్చి తగ్గితే మళ్లీ రాదనుకోవడమూ పొరపాటే. ఢాకాలో మీర్పూర్ పిల్లల మీద చేసిన అధ్యయనం ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించింది. అమీబా పేగుని పట్టుకునే ప్రొటీన్ మీద పేగులోనే ఐజీఏ రకం యాంటీబాడీలు (క్రిమిని ఎదుర్కోడానికి ఒళ్లు తయారుచేసుకునే ప్రొటీన్లు) తయారైన పిల్లలకి, ఏడాదిలో కొత్త ఇన్‌ఫెక్షన్లు 86 శాతం తక్కువ. రక్తంలో ఉండే ఐజీజీ యాంటీబాడీలు మాత్రం అలా కాపాడలేదు. అంటే కాపలా ఉండాల్సింది పేగు గోడ దగ్గర. అది అందరిలో ఒకేలా తయారుకాదు.

అత్తయ్యగారిదే బాబుకి వచ్చిందని నేను చెప్పలేను. మైక్రోస్కోప్‌లో జబ్బు చేసే సిస్టూ, ఏ హానీ చేయని డిస్పార్ అనే రకం సిస్టూ ఒకేలా ఉంటాయి. 1993లో గానీ ఈ రెండూ వేరు జీవులని ఖాయం చేయలేదు. తేల్చే పరీక్ష మా ల్యాబ్‌లో లేదు. డాక్టర్ గారు ఇంట్లో చిన్నపిల్లాడున్నాడని ఆవిడకీ డైలాక్సనైడ్ రాశారు. చెప్పడానికి నాకు నోరు రాలేదు, మా ఆయన చెప్పారు. ఆవిడ రెండు రోజులు మనవడిని దగ్గరికి రానివ్వలేదు. దొడ్డి దగ్గర సబ్బు పెట్టి, గోళ్లు నేనే కత్తిరించి, కోర్సు అయ్యాక మూడు రోజులు వరసగా టెస్ట్ చేశాను. మూడో రోజు ల్యాబ్ నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పకముందే అడిగారు, "అమ్మాయ్, ఇవాళ బుజ్జిగాడికి నేను పెట్టనా?" అని. పెట్టమన్నాను.

ఈ ఫిల్టర్‌కి ఐదులో నాలుగు ఇస్తాను, వాషర్లకి ఒకటి తగ్గించాను. కొనేటప్పుడు అట్టపెట్టె మీద మైక్రాన్ ఎంతో చూసుకోండి, రాసి లేకపోతే తీసుకోవద్దు. ఒక జత క్యాండిల్స్ అదనంగా తెచ్చుకోండి. సన్నగా బీట వారినా పైకి కనపడదు, అందుకే నేను ఏడాదికోసారి మార్చేస్తున్నాను.