రౌటర్ నిలిచింది, అడాప్టరే నిలవలేదు: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

గుంటూరు బ్రాడీపేటలోని మా ఇంట్లో ఈ డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు పౌనఃపున్యాల్లో వైఫై ఇచ్చే) రౌటర్‌ను కొన్నేళ్లుగా రాత్రీ పగలూ ఆపకుండా వాడుతున్నాను. పిల్లల చదువులు, నా ఆఫీసు వీడియో సమావేశాలు అన్నీ దీని మీదే నడుస్తున్నాయి. వేగంలో చెప్పుకోదగిన లోపం లేదు. పాతకాలపు మందపాటి గోడలు దాటి వెనక గదికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సరిగా అందదు గానీ, అది ఏ రౌటర్‌కైనా ఉండే ఇబ్బందే. వివరంగా రాయవలసింది దీని పవర్ గురించి. ఆన్ కాని రౌటర్‌ను చాలామంది చెడిపోయిందనుకొని పక్కన పడేస్తారు. నా అనుభవంలో అసలు దోషి రౌటర్ కాదు, దానితో పాటు పెట్టెలో వచ్చిన 12 వోల్టుల, 1 ఆంపియర్ అడాప్టర్.

ఆ అడాప్టర్ ఒక్కరోజులో చెడిపోలేదు, ముందుగానే సూచన ఇచ్చింది. కొత్తలో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ రెప్పపాటు వ్యవధిని రౌటర్ ఏ ఇబ్బందీ లేకుండా దాటేసేది. రెండు మూడు వేసవులు గడిచాక, ఇన్వర్టర్ మారిన ప్రతిసారీ లైట్లన్నీ ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి స్టార్ట్ అవడం మొదలైంది. అడాప్టర్ లోపలి కెపాసిటర్లలో నిలవ ఉండే విద్యుత్తే ఆ చిన్న ఖాళీని పూడుస్తుంది. వాటి సామర్థ్యం తగ్గేకొద్దీ ఆ ఓపిక కూడా తగ్గిపోతుంది. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లవారు ఈ లక్షణాన్ని తప్పక గమనించాలని నా మనవి.

తర్వాత అసలు సమస్య వచ్చింది. స్విచ్చు వేయగానే పవర్ లైటు వెలిగేది, కొన్ని క్షణాలకు మిగతా లైట్లు వరుసగా వెలిగేవి, సరిగ్గా వైఫై లైటు వచ్చే సమయానికి అన్నీ ఒక్కసారిగా ఆరిపోయి మళ్లీ పవర్ లైటు దగ్గరికి వచ్చేది. మల్టీమీటరుతో అడాప్టర్ పిన్నును విడిగా కొలిస్తే 12 వోల్టుల పైనే చూపించింది. ఇక్కడే చాలామంది అడాప్టర్ బాగానే ఉందని తేల్చేసి రౌటర్ మీద నెపం వేస్తారు. నేను రౌటర్ అడుగు మరలు విప్పి, బోర్డు మీద పవర్ సాకెట్ సోల్డరింగ్ దగ్గర మీటరు తీగలు ఆనించి స్విచ్చు వేయించాను. మొదట 12 చూపిన అంకె, వైఫై రేడియోలు మేలుకొని ఎక్కువ కరెంటు లాగడం మొదలుపెట్టగానే 9 కంటే కిందికి జారింది, లైట్లు ఆరాయి, అంకె మళ్లీ 12కు ఎగబాకింది. లోడు లేనప్పుడు, అంటే అడాప్టర్ నుంచి ఏ పరికరమూ కరెంటు లాగనప్పుడు, కనిపించే వోల్టేజీని నమ్మకూడదని ఆ ఒక్క కొలతతో స్పష్టంగా తెలిసిపోయింది. మీటరు లేనివారు అదే వోల్టేజీ, అంతే లేదా అంతకంటే ఎక్కువ ఆంపియర్లు, అదే పిన్ను ఉన్న మరో అడాప్టర్‌ను కాసేపు పెట్టి చూస్తే సరిపోతుంది.

కారణం వేడి. రోహిణి కార్తె ఎండలకు రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో టీవీ స్టాండు వెనక, గాలి ఆడని అరలో, స్టెబిలైజరు పక్కన ఇరుక్కున్న అడాప్టర్ ముట్టుకుంటే చుర్రుమనేది. ఇలాంటి అడాప్టర్లలో వాడే, లోపల రసాయన ద్రవం ఉండే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ పనిచేసే చోట ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుందన్నది ఎలక్ట్రానిక్స్‌లో అందరూ పాటించే లెక్క. పాత అడాప్టర్‌ను ప్లగ్గు తీసి చాలాసేపు పక్కన ఉంచిన తర్వాతే విప్పించి చూశాను. అవుట్‌పుట్ వైపు కెపాసిటర్ తల ఉబ్బి, అంచున గోధుమరంగు మరక కట్టి ఉంది. లోపల 230 వోల్టుల భాగం ఉంటుంది కాబట్టి అలవాటు లేనివారు ఆ పనికి దిగవద్దు.

కొత్త అడాప్టర్‌ను అరండల్‌పేటలోని ఒక విడిభాగాల దుకాణంలో కొన్నాను. వోల్టేజీ మాత్రం రౌటర్ అడుగున రాసి ఉన్నదే ఉండాలి. 9 వోల్టుల రౌటర్‌కు 12 వోల్టులు పెడితే బోర్డు కాలిపోవచ్చు. ఆంపియర్లు ఎక్కువైనా నష్టం లేదు, రౌటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది. అందుకే 2 ఆంపియర్లది ఎంచుకున్నాను. పిన్ను మధ్యభాగం ప్లస్సా మైనస్సా అన్న గుర్తును కూడా సరిచూసుకోవాలి. పిన్ను కొలత దగ్గర ఇంకాస్త జాగ్రత్త అవసరం: 5.5 మిల్లీమీటర్ల పిన్నుల్లో లోపలి రంధ్రం 2.1 ఉన్నవీ, 2.5 ఉన్నవీ పైకి ఒకేలా కనిపిస్తాయి. 2.1 సాకెట్‌కు 2.5 పిన్ను పెడితే లోపలికి దిగుతుంది గానీ వదులుగా ఉండి, వైరు కదిలితే చాలు రౌటర్ ఆగిపోతుంది. బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ సంఖ్య లేని అడాప్టర్‌ను చవకగా వస్తుందని తీసుకోకండి.

మంచి అడాప్టర్ పెట్టినా పవర్ లైటు ఒక్కటే వెలిగి అక్కడే ఆగిపోతే ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల ఉండి దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. అప్‌డేట్ జరుగుతుండగా కరెంటు పోతే ఇలా అవుతుంది. ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ (సిగ్నల్ అందడం లేదని చెప్పే) లైటు ఎర్రగా ఉంటే మాత్రం రౌటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఫలితం ఉండదు, అది బయటి లైను సంగతి.

అడాప్టర్ మార్చినప్పటి నుంచి రౌటర్ ఆరిపోతూ మళ్లీ మొదలయ్యే ఆ వలయంలో మళ్లీ పడలేదు. కొత్త అడాప్టర్‌ను అరలోంచి తీసి గోడ మీద గాలి తగిలే సాకెట్‌కు మార్చాను. దానికీ రౌటర్‌కూ మధ్య 12 వోల్టుల మినీ యూపీఎస్ కూడా పెట్టాను. ఇప్పుడు కరెంటు పోయినా లైట్లు కదలవు. ఇదే రౌటర్‌ను ఇంకెవరికైనా నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను; అయితే రెండు మూడు వందల రూపాయలు అదనంగా పెట్టి మంచి అడాప్టర్‌ను కూడా అదే రోజు కొనమంటాను.