స్టౌట్ పులియడం ముగిసిందని చెప్పేది బుడగలా, హైడ్రోమీటరా?

మాంచెస్టర్‌లో చదువుకుంటున్న మా అక్క కొడుకు పోయిన ఆదివారం అనంతపురానికి ఫోన్ చేసి, "మామా, బుడగలు నిలిచిపోయినాయి, సీసాలకు పోసేదా?" అని అడిగాడు. వాడి బకెట్‌లో 23 లీటర్ల స్టౌట్, అంటే నల్లటి బీరు, తొమ్మిది రోజులుగా పులుస్తోంది. బ్రిటన్‌లో 1963 నుంచి సొంతానికి బీరు కాచుకునేవారికి లైసెన్సు అక్కరలేదు. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా కాయడం నేరం కనుక, ఈ మాటలన్నీ అక్కడి బకెట్‌ గురించినవే.

బీరు కిట్ డబ్బా మీద అచ్చువేసిన రోజుల లెక్కను నేను పెద్దగా పట్టించుకోను. దోసెపిండి మే నెలలో మన ఇళ్ళలో నాలుగైదు గంటలకే గిన్నె దాటి పొంగుతుంది, జనవరిలో తెల్లవారినా కదలదు. ఈస్ట్‌దీ అదే స్వభావం.

బుడగలు రెండు విధాలా మోసం చేస్తాయి. మూత సరిగా బిగియకపోతే వాయువు పక్కనుంచి జారిపోయి, లోపల జోరుగా పులుస్తున్నా, వాయువును మాత్రమే బయటికి వదిలే నీళ్ళ బిరడా అయిన ఎయిర్‌లాక్ నిశ్చలంగా ఉంటుంది. పులియడం ముగిశాక గది వేడెక్కితే, బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బయటికి వచ్చి మళ్ళీ బుడగలు లేస్తాయి.

పాలకేంద్రంలో లాక్టోమీటర్ వేసి నీళ్ళ కల్తీ కనిపెడతారే, హైడ్రోమీటర్‌దీ అదే సూత్రం: చక్కెర ఉన్నంతసేపు గొట్టం పైకి తేలుతుంది, చక్కెర ఆల్కహాల్‌గా మారేకొద్దీ మునుగుతుంది. నీటి సాంద్రతను 1.000 అనుకుంటే, 1.046 దగ్గర మొదలైన వాడి స్టౌట్ ఆనాడు 1.018 చూపింది. స్టౌట్ సాధారణంగా 1.010కీ 1.016కీ మధ్య ఎక్కడో ఆగుతుంది, ఈస్ట్ తినలేని లాక్టోజ్ కలిపితే ఇంకా పైనే నిలుస్తుంది. అందువల్ల ఫలానా అంకె కోసం ఎదురుచూడడం కంటే, రెండు మూడు రోజుల ఎడంతో తీసిన కొలతలు ఒకటేనా అని చూడడం మేలు. గొట్టాన్ని ఒకసారి గిర్రున తిప్పి, అంటుకున్న బుడగలు రాలాకే అంకె చదవాలి. 20 డిగ్రీలకు తయారైన గొట్టం 30 డిగ్రీల ద్రవంలో సుమారు రెండు పాయింట్లు (పాయింటంటే 0.001) తక్కువ చూపుతుంది. కాంతి వంగే తీరుతో చక్కెరను కొలిచే రెఫ్రాక్టోమీటర్‌కు రెండు చుక్కలు చాలు గానీ, ఆల్కహాల్ చేరాక దాని అంకెను సూత్రంతో సరిచేసుకోవాలి. ఆ తలనొప్పి నాకు నచ్చదు.

ఇంత చాదస్తం ఎందుకంటే, ఒక్క పాయింటు చక్కెర సీసాలో పులిస్తే బీరు పరిమాణంలో దాదాపు సగమంత వాయువు పుడుతుంది, 1.018 దగ్గర మూత వేసినది 1.012కు దిగితే, గ్యాస్ కోసం సీసాలో వేసే ప్రైమింగ్ చక్కెర ఇచ్చేది కాక, బీరుకు మూడింతల వాయువు అదనంగా చేరుతుంది. మన గోలీ సోడావాళ్ళు గ్యాస్ పట్టేటప్పుడు సీసాను ఇనుప పెట్టెలో పెట్టి తిప్పేది ఊరికే కాదు. ఆ దేశంలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేను బుడగలను నమ్మి నింపిన సీసాల్లో ఒకటి రాత్రి అల్మారాలో పేలింది. తెల్లవారి చూస్తే గాజు పెంకు చెక్క తలుపులో దిగబడి ఉంది.

గురువారం 1.013, నిన్న శనివారం కూడా 1.013 అని మావాడు చెప్పాడు. నమూనాను తిరిగి బకెట్‌లో పోయకుండా రుచి చూడమంటే, కాస్త వెన్న వాసన వస్తోందన్నాడు. అది డయాసిటైల్; ఈస్టే దాన్ని తినేస్తుంది కనుక మరో మూడు రోజులు ఆగమన్నాను. సీసాలు అప్పుడే కడిగి బోర్లించాడట.